రాయగడ శివారులో పసుపు నీళ్లు: బోరింగులో నానో ఇనుము పోయించవచ్చా?

నాగావళి గట్టు | రాయగడ

అందరికీ నమస్కారం. మాది రాయగడ పట్టణ శివారు. ఊరి పేరు రాయడం లేదు, పెద్దల అనుమతి తీసుకోలేదు. సగం తెలుగు ఇళ్లు, సగం ఒడియా ఇళ్లు, కొండ వైపు కొంధుల ఇళ్లు. ఊరికి ఎగువన ఒకప్పుడు ఇనుప సామానుకు క్రోమ్ పూత వేసే చిన్న షెడ్డు ఉండేది. మూతపడి చాలా ఏళ్లయింది. యజమాని ఆచూకీ లేదు. పూత తొట్లు అమ్ముడుపోయాయి, వాటి కింది నేల మాత్రం అలాగే ఉంది.

వానలు గట్టిగా కురిసిన ఏడాది ఆ షెడ్డుకు దిగువనున్న బావి నీళ్లు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. తెల్ల బకెట్టులో నింపి ఎండలో పెడితే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ బావిని ఎప్పుడో వదిలేశాం. ఇంకా దిగువన ఉన్న బోరింగు నీళ్లకు రంగు లేదు కాబట్టి అందరూ తాగుతున్నారు. ఈ మధ్య ఆ బోరింగు నీటిని పరీక్షకు పంపితే మొత్తం క్రోమియం తాగునీటి హద్దు దాటిందని వచ్చింది.

ఇప్పుడు ఒక కంపెనీ తరఫున ఒకాయన వచ్చారు. పాత బావి నీళ్లు గాజు సీసాలో పట్టి, నల్లటి చిక్కని ద్రవం కొంచెం పోసి, మూత పెట్టి కుదిపారు. కాసేపటికి అయస్కాంతాన్ని సీసా పక్కన పెడితే నలుపంతా ఒక పక్కకు అతుక్కుంది, మిగిలిన నీళ్లు తేటగా ఉన్నాయి. సర్పంచి, వార్డు సభ్యులు, నేను కళ్లారా చూశాం. అది నానో ఇనుమట, అంటే కంటికి ఆననంత సన్నటి ఇనుప రేణువులు. బోరింగులో పోస్తే కొద్ది రోజుల్లో నీళ్లు బాగవుతాయని అన్నారు. పంచాయతీ డబ్బు అడుగుతున్నారు. త్వరలో పల్లీ సభ (మా ఊరి సభ) ఉంది. నిజంగా పని చేస్తుందా? తెలిసినవారు చెప్పండి. పిల్లలు తాగే నీళ్ల సంగతి ఇది.

గుణుపూర్ మాస్టారు | గుణుపూర్

బాబూ, మీరు సీసాలో చూసింది నిజమైన రసాయన చర్యే. అందులో గారడీ లేదు. ముందు అది ఒప్పుకుని మొదలుపెడదాం.

పూత షెడ్లలో వాడేది క్రోమిక్ ఆమ్లం. అందులోని క్రోమియం ఆరు సంయోజకతలో, అంటే ఆరు ఎలక్ట్రాన్లు కోల్పోయిన స్థితిలో ఉంటుంది. ఆ రూపం నీటిలో బాగా కరుగుతుంది, నీటితో పాటు ప్రయాణిస్తుంది, ఒంటికి విషం. అదే క్రోమియం మూడు సంయోజకతకు దిగితే మన నేలల్లో ఉండే ఆమ్లగుణం దగ్గర దాదాపు కరగదు, హైడ్రాక్సైడుగా పేరుకుని అక్కడే ఉండిపోతుంది. ఇనుము లోహంగా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు వదులుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. అది ఎలక్ట్రాన్లు ఇస్తుంది, క్రోమియం పుచ్చుకుంటుంది. పసుపు పోతుంది. ఇనుము తుప్పుగా మారి క్రోమియాన్ని తనలో కలిపేసుకుని అడుగున చేరుతుంది.

మరి నానో ఎందుకు? చర్య జరిగేది ఇనుము పైతలం మీదే. లెక్క వేసి చూడండి. మిల్లీమీటరు వ్యాసం గల ఇనుప రజను ఒక గ్రాము తీసుకుంటే మొత్తం పైతలం సుమారు 7.6 చదరపు సెంటీమీటర్లు, తపాలా బిళ్లంత. అదే గ్రాము ఇనుమును 50 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) రేణువులుగా చేస్తే సుమారు 15 చదరపు మీటర్లు, ఒక గది నేలంత. ఇరవై వేల రెట్లు. పెద్ద దుంగ కంటే చితుకులు ముందు అంటుకున్నట్టే. అందుకే ఆ పొడి పూర్తిగా ఎండితే గాలి తగిలి తనంతట తానే మండిపోగలదు. మీ ఊరికి ద్రవంలో కలిపి తెచ్చింది అందుకే. ఆ డబ్బాలు పంచాయతీ కార్యాలయంలో ఎవరూ మూత తీసి ఆరబెట్టకుండా చూడండి.

ఇక సీసాకూ నేలకూ ఉన్న తేడా. 52 గ్రాముల క్రోమియానికి 56 గ్రాముల ఇనుము చాలని సమీకరణం చెబుతుంది. కానీ నేలలో ఇనుము కోసం కాచుకున్నది క్రోమియం ఒక్కటే కాదు. లీటరు నీటిలో 6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటే అదే సుమారు 14 మిల్లీగ్రాముల ఇనుమును తినేస్తుంది. ఎరువుల వల్ల వచ్చిన నైట్రేట్ 45 మిల్లీగ్రాములుండి, అదంతా అమ్మోనియంగా మారితే సుమారు 160 మిల్లీగ్రాముల ఇనుము ఖర్చు. చివరికి నీటితోనూ ఇనుము చర్య జరిపి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. ఇవన్నీ తిన్నాక క్రోమియానికి మిగిలేది ఎంతో లెక్క కట్టకుండా "ఇన్ని డబ్బాలు" అని ధర చెప్పేవారిని నమ్మవద్దు.

బోరు బండి | పార్వతీపురం

మాస్టారు చెప్పిన రసాయనం నాకు తెలియదు. బోర్లు వేయడం తెలుసు. రాయగడ, మునిగుడ, కాశీపూర్ వైపు చాలా పాయింట్లు వేశాను.

అన్నా, తాగే బోరింగులో ఏదీ పోయనివ్వకండి. ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మన వైపు పైన ఎర్రమట్టి, దాని కింద మెత్తబడిన రాయి, ఆ తర్వాత గట్టి రాయి. కేసింగ్ మెత్త రాయి వరకే దిగుతుంది. నీళ్లు ఇచ్చేది గట్టి రాతిలోని సన్నటి పగుళ్లే. ఒక్కో బోరుకు ఒకటో రెండో పగుళ్లు తగులుతాయి. ఆ నోట్లో నల్ల మడ్డి చేరితే ఆ పగులు మూసుకుపోతుంది. ఆ తర్వాత విషమూ రాదు, నీళ్లూ రావు. సిలిండరులోని వాషర్లు కూడా పాడవుతాయి.

పైగా విషం షెడ్డు దగ్గర ఉంటే మందు బోరింగులో పోయడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

బరంపురం నీటి శుద్ధి | బరంపురం

నేను ఇదే వ్యాపారంలో ఉన్నాను. మీ ఊరికి వచ్చినవారు మావాళ్లు కారు, వారెవరో కూడా తెలియదు. నానో ఇనుమును ఊరికే కొట్టిపారేయకండి. ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో 1997లోనే ప్రయోగశాలలో తయారుచేసి క్లోరిన్ ఉన్న ద్రావకాలను విడగొట్టి చూపించారు. తర్వాత న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో ఒక కర్మాగారం ఆవరణలో నేలలోకి పంపి చూశారు. మంచి ఫలితం వచ్చింది. ఇప్పుడు యూరప్‌లోనూ వాడుతున్నారు. మన దేశంలో ఎవరైనా మొదలుపెట్టాలి కదా. అడ్డు చెప్పేవారే ఎక్కువైతే ఊళ్లు విషం తాగుతూనే ఉంటాయి.

మహేంద్రతనయ | పర్లాకిమిడి

నేను పర్యావరణ ఇంజనీరింగులో పరిశోధన చేస్తున్నాను, నా పని క్రోమియం మీదే. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

బరంపురం గారు చెప్పిన ట్రెంటన్ సంగతి నిజం. అక్కడ నేలలోకి పంపిన నానో ఇనుము 1.7 కిలోలే. రేణువుల మీద పల్లాడియం పూత కూడా ఉంది. గమ్యం ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం. చుట్టూ పరిశీలన బావులు పెట్టి, నీరు ఎటు పోతోందో ముందే తెలుసుకుని చేసిన చిన్న ప్రయోగం అది. ఎవరూ తాగే బోరులో పోయలేదు.

మీ ఊరి కథకు అంతకంటే దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రం, ఎలిజబెత్ సిటీ. అక్కడి తీరరక్షక దళం స్థావరంలో క్రోమ్ పూత షెడ్డు ఉండేది. నేల కాంక్రీటులోని చిల్లు గుండా ఆమ్లం దిగిపోయిందని 1988లో బయటపడింది. విషం నది వైపు కదులుతోంది. 1996లో ఆ దారికి అడ్డంగా కందకం తవ్వి ఇనుప రజనుతో నింపారు: పొడవు 46 మీటర్లు, లోతు 7.3 మీటర్లు, వెడల్పు 0.6 మీటర్లు. సుమారు 450 టన్నుల ఇనుము. నానో కాదు, మామూలు రజనే. నీళ్లు ఆ ఇనుప గోడ గుండా వెళ్తుంటే క్రోమియం అక్కడే ఆగిపోయింది. ఆ గోడ ఏళ్ల తరబడి పని చేసింది. ఈ గోడల ఆలోచనకు మూలం కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం, రాబర్ట్ గిల్లమ్ బృందం.

అయితే దాన్ని యథాతథంగా రాయగడకు తేలేం. ఎలిజబెత్ సిటీ నేల ఇసుక. మనది ఖొండలైట్ రాయి. కొంధుల పేరు మీదనే ఆ రాయికి పేరు పెట్టారు. పై మెత్త పొరలో కందకం తవ్వగలం, కింద పగుళ్లలో పోయే నీటికి గోడ కట్టలేం.

ఇక నానో రేణువుల ప్రయాణం. ఇవి అయస్కాంత గుణం వల్ల ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. మీరు సీసా పక్కన అయస్కాంతం పెట్టినప్పుడు చూసిన గుణమే నేలలో శత్రువు. పూత లేని రేణువులు బోరు నుంచి సెంటీమీటర్ల దూరంలోనే ఆగిపోతాయి. సెల్యులోజ్ జిగురు, పిండి పదార్థం లాంటి పూత పూస్తే ఒకటి రెండు మీటర్లు, అనుకూలమైన ఇసుకలో ఇంకొంచెం పోతాయి. కాబట్టి ఒక బోరులో పోసి ఊరంతటి భూగర్భ జలాన్ని శుభ్రం చేస్తామనడం జరిగే పని కాదు. విషం ముద్దగా ఉన్నచోట, దగ్గర దగ్గరగా సన్నబోర్లు వేసి, ఒత్తిడితో పంపితేనే దానికి అర్థం ఉంది. మీ విషయంలో ఆ చోటు షెడ్డు కింది నేల.

వర్ధా ఒడ్డు | బల్లార్‌పూర్

మహారాష్ట్ర నుంచి రాస్తున్నాను. మా చంద్రపూర్ జిల్లాలో, పక్క యవత్మాల్‌లో కూడా ఫ్లోరైడ్ సమస్య. మా చుట్టాల ఊళ్లో పిల్లల పళ్లు గారపట్టి ఉంటాయి, పెద్దలకు కీళ్లు బిగుసుకుపోతున్నాయి. ఈ నానో ఇనుము దానికి పనికివస్తుందా? రాజురా వైపు కూడా ఎవరో ఇలాంటి పొడి గురించి చెబుతున్నారని విన్నాను.

గుణుపూర్ మాస్టారు | గుణుపూర్

పనికిరాదు, తమ్ముడూ. ఫ్లోరైడ్ అయాన్ ఇక ఎలక్ట్రాన్లు పుచ్చుకోలేదు, ఇనుము ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా దానికి అక్కరలేదు. తుప్పు మీద కొంత అతుక్కోవచ్చు, అది నమ్ముకునే పని కాదు. మీ నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ, నీరియే పటిక, సున్నం, బ్లీచింగుతో చేసే నల్లగొండ పద్ధతిని రూపొందించింది. యాక్టివేటెడ్ అల్యూమినా వడపోతలూ ఉన్నాయి. తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు. అన్నిటికంటే మేలు నదీజలం తెచ్చుకోవడం. వర్ధా, వైన్‌గంగా మీ పక్కనే ఉన్నాయి.

ఆర్సెనిక్ విషయం వేరు. దానిని ఇనుప తుప్పు గట్టిగా పట్టుకుంటుంది. బంగ్లాదేశ్‌లో అబుల్ హుస్సామ్ రూపొందించిన సోనో వడపోత బకెట్టులో ఉన్నది ఇనుప ముక్కల మిశ్రమమే, దానికి 2007లో అమెరికాలో పెద్ద బహుమతి వచ్చింది. మద్రాసు ఐఐటీలో టి. ప్రదీప్ గారి బృందం నానో ప్రమాణంలోని ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడుతో ఆర్సెనిక్ వడపోత చేసింది. అవి నీటిని బయటికి తెచ్చి, వడపోత గుండా పంపే పద్ధతులు. నేలలోకి పోసేవి కావు.

జయపురం నర్సు | జయపురం, కొరాపుట్

మీ చర్చ అంతా చదివాను. ఒక ప్రశ్నకు ఎవరూ జవాబు రాయలేదు. ఈ రోజు సాయంత్రం ఆ ఊరి ఆడవాళ్లు ఏ నీళ్లు మోస్తున్నారు?

నానో సంగతి తేలేలోపు ఆ బోరింగు తాగడానికి, వంటకు ఆపాలి. మరిగిస్తే క్రోమియం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక వేసి తేర్చినా, కొవ్వొత్తి ఫిల్టరు పెట్టినా పోదు. మా ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది "మరిగించి తాగుతున్నాం, ఏమీ కాదు" అంటారు. క్రిములకు ఆ మాట సరే, లోహాలకు కాదు. ఆరు సంయోజకత క్రోమియం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1990లోనే తేల్చింది. ఆ నిర్ణయం ముఖ్యంగా పీల్చే గాలి ఆధారాల మీద. 2008లో అమెరికాలో ఎలుకలకు నీటిలో కలిపి ఇచ్చిన పరీక్షల్లోనూ కణితులు కనిపించాయి. పసిపిల్లలకు పాలపొడి కలిపే ఇళ్లకు ముందు కబురు పంపండి. చేతుల మీద మానని పుండ్లు ఎవరికైనా ఉంటే రాసిపెట్టుకోండి, ముఖ్యంగా ఆ షెడ్డులో పని చేసినవారికి.

నాగావళి గట్టు | రాయగడ

అమ్మా, మీ మాట చదివిన వెంటనే సర్పంచి గారి ఇంటికి వెళ్లాను. బోరింగు చేతికర్రకు గొలుసు వేయించాం. ఎర్ర రంగు పూసి ఒడియాలో, తెలుగులో రాయించాం. కొంధు ఇళ్లకు ఆశా కార్యకర్త స్వయంగా వెళ్లి వాళ్ల కువి భాషలో చెప్పారు. పక్క ఊరి కుళాయి నీళ్లు ట్యాంకరుతో తెప్పించడానికి గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజనీరు ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మా పరీక్ష కాగితంలో "మొత్తం క్రోమియం" అని మాత్రమే ఉంది. ఆరా, మూడా అని లేదు. మళ్లీ పంపించాలా?

మహేంద్రతనయ | పర్లాకిమిడి

తప్పకుండా పంపించాలి. మొత్తం క్రోమియం హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. అది దాటిందని తెలియడం చాలదు, ఏ రూపమో తెలియాలి. నమూనా పట్టడంలోనే చాలాచోట్ల పరీక్ష చెడిపోతుంది.

లోహాల పరీక్షకు సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి ఇస్తారు. ఆరు సంయోజకత పరీక్షకు ఆ సీసా వాడకూడదు. ఆమ్లంలో ఆ క్రోమియం దారిలోనే మూడుకు దిగిపోతుంది, కాగితం మీద "లేదు" అని వస్తుంది. ఆమ్లం లేని శుభ్రమైన సీసా తీసుకుని, బోరింగు చాలాసేపు కొట్టి పాత నీళ్లు పోనిచ్చి, సన్నటి వడపోత కాగితం గుండా పట్టి, మంచు పెట్టెలో పెట్టి 24 గంటల్లో ప్రయోగశాలకు చేర్చాలి. అక్కడ డైఫినైల్ కార్బజైడ్ వేస్తారు. ఆరు సంయోజకత ఉంటే నీళ్లు ఊదారంగుకు తిరుగుతాయి, ఆ రంగు గాఢతను యంత్రంలో కొలుస్తారు. ఇదే రసాయనంతో జేబులో పట్టే కిట్లు కూడా ఉన్నాయి. ఊళ్లోని బావులన్నిటినీ ముందు కిట్‌తో చూసి, తర్వాత ఎంచుకున్నవి ప్రయోగశాలకు పంపితే డబ్బు కలిసివస్తుంది.

నీటిలో నైట్రేట్, కరిగిన ఆక్సిజన్, మాంగనీస్, ఇనుము కూడా అడగండి. మాస్టారు చెప్పిన లెక్క వేయాలంటే అవి కావాలి.

బోరు బండి | పార్వతీపురం

నీరు ఎటు పోతోందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. షెడ్డు చుట్టూ ఒకే వరుసలో లేని మూడు బావులు ఎంచుకోండి. మేస్త్రీలు గోడ మట్టం చూసే నీళ్ల పైపు ఉంటుంది కదా, పారదర్శకమైన గొట్టం, దానితో మూడు బావుల గట్ల ఎత్తులు ఒకదానితో ఒకటి పోల్చుకోండి. ఒకే రోజున, మోటారు ఆపి, గట్టు నుంచి నీటి దాకా టేపుతో కొలవండి. టేపు చివర సుద్ద రాస్తే ఎక్కడి దాకా తడిసిందో కనిపిస్తుంది. మూడు నీటి మట్టాలూ తెలిస్తే వాలు ఎటో కాగితం మీద గీయవచ్చు. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చేయాలి. పక్క పొలంలో మోటారు గట్టిగా లాగితే దిశ మారిపోతుంది.

బరంపురం నీటి శుద్ధి | బరంపురం

మహేంద్రతనయ గారూ, షెడ్డు కింద వాడవచ్చని మీరే అన్నారు. అయితే మా మాటకూ మీ మాటకూ దూరం ఎంత? పూత పూసిన సరుకు నా దగ్గర దొరుకుతుంది. ధర ఎక్కువే, దాచను. రజను కంటే ఎన్నో రెట్లు.

మహేంద్రతనయ | పర్లాకిమిడి

దూరం ఉంది, చెబుతాను. కోపం తెచ్చుకోకండి.

మొదటిది, షెడ్డు కింద విషం గాఢంగా ఉన్న మట్టిని ముందు తవ్వి తీయాలి. అది ప్రమాదకర వ్యర్థం, చెరువు గట్టునో రోడ్డు పక్కనో పోయకూడదు. ఒడిశాలో అలాంటి వ్యర్థాల ఉమ్మడి కేంద్రం జాజ్‌పూర్ జిల్లాలో ఉంది. తవ్వగలిగినంత తవ్వాక, తవ్వలేని లోతులో మిగిలినదానికే నానో ఇనుము మాట వస్తుంది. మూలం అలాగే ఉంచి మందు పోస్తే కొన్నాళ్లు తగ్గినట్టు కనిపించి, ఇనుము అయిపోగానే మళ్లీ పసుపు వస్తుంది. ఈ రేణువుల చురుకుదనం వారాలు, నెలలే.

రెండవది, నేల స్వభావం మారుతుంది. ఆక్సిజన్ పోతుంది, క్షారగుణం పెరుగుతుంది. అలాంటి స్థితిలో రాతిలోని మాంగనీస్, ఒక్కోసారి ఆర్సెనిక్ కరిగి బయటికి రావచ్చు. కాబట్టి తర్వాత ఏళ్ల తరబడి పరీక్షలు చేయాలి. బ్రిటన్‌లో రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ కలిసి 2004లో ఇచ్చిన నివేదిక, మేలు కీడు తేలేవరకు నానో రేణువులను ఇలా నేలలోకి వదలవద్దనే చెప్పింది. ఆ తర్వాత యూరప్‌లో 2013 నుంచి 2017 వరకు నానోరెమ్ అనే ప్రాజెక్టు ఇదే విషయాన్ని క్షేత్రస్థాయిలో పరిశీలించింది. అంటే ఇది నిషిద్ధమని కాదు, కొలతలతో చేయవలసిన పని.

మూడవది, చవకైనవి ఉన్నాయి. క్రోమియానికి ఎలక్ట్రాన్లు ఇచ్చేది నానో ఇనుము ఒక్కటే కాదు.

గుణుపూర్ మాస్టారు | గుణుపూర్

ఆ మూడో మాట నేను అందుకుంటాను, అమ్మా. అన్నభేది. ఫెర్రస్ సల్ఫేటు. మన ఆయుర్వేద దుకాణాల్లోనూ ఉంటుంది, పరిశ్రమల్లో బస్తాల్లెక్కన దొరుకుతుంది. దేశంలోని క్రోమైట్ (క్రోమియం ఖనిజం) నిల్వల్లో అత్యధిక భాగం ఉన్న మన ఒడిశాలోని సుకింద లోయలో గనుల నీటిని ఫెర్రస్ సల్ఫేటుతోనే శుద్ధి చేస్తారు. 52 గ్రాముల క్రోమియానికి 168 గ్రాముల ఇనుము ఆ రూపంలో కావాలి, బురద ఎక్కువ వస్తుంది. కానీ నీటిని పైకి తోడి తొట్టిలో శుద్ధి చేసేటప్పుడు కళ్ల ముందు జరుగుతుంది, కొలవవచ్చు, బురద మన చేతిలో ఉంటుంది. తొట్టి పనికి నానో అవసరం లేదు.

రెండవది మొలాసిస్, అంటే చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి. అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్‌లో 1990ల చివర మొలాసిస్ కలిపిన నీటిని నేలలోకి పంపి, సూక్ష్మజీవుల చేతే క్రోమియాన్ని మూడుకు దింపించారు. చెక్ దేశంలో నానో ఇనుము పంపాక పాల విరుగుడు నీటిని కూడా పంపి చూశారు. ఇనుము పుట్టించే హైడ్రోజన్ కూడా ఆ జీవులకు ఆహారమే, రెండూ కలిసి పనిచేస్తాయి.

మన కొండలకు ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది, ఇది బయటివాళ్లు ఆలోచించరు. రాయగడలో నిశిఖల్ వైపు, ఇవతల విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మాంగనీసు ఖనిజం ఉంది. మాంగనీసు ఆక్సైడ్లు మూడు సంయోజకత క్రోమియాన్ని తిరిగి ఆరుకు ఎక్కించగలవు. ఇనుముతో గట్టిగా కలిసిపోయిన క్రోమియం అంత తేలికగా లొంగదు, నిజమే. అయినా "ఒకసారి దించాం, ఇక భయం లేదు" అని సంతకం పెట్టే ముందు షెడ్డు మట్టిలో మాంగనీసు ఎంతో చూడాలి. నల్లటి గుళికలు, నల్లటి చారలు మట్టిలో కనిపిస్తున్నాయా, నాగావళి గట్టు గారూ?

నాగావళి గట్టు | రాయగడ

కనిపిస్తున్నాయి, మాస్టారూ. షెడ్డు వెనక వాన కోసిన గట్టులో ఎర్రమట్టి మధ్య నల్లటి చారలు ఉన్నాయి. చేత్తో రుద్దితే వేలికి మసిలా అంటుకుంటుంది.

గుణుపూర్ మాస్టారు | గుణుపూర్

అయితే ఆ మట్టి కూడా ప్రయోగశాలకు పోవాలి. ఆ గట్టు నుంచే తీయండి, పైపొర గీకేసి లోపలిది.

కొరాపుట్ వకీలు | కొరాపుట్

చట్టం వైపు నుంచి రెండు మాటలు. రాయగడ షెడ్యూల్డ్ ప్రాంతం, అలాంటి గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం వర్తిస్తుంది. పల్లీ సభ తీర్మానానికి బరువు ఉంది, దాన్ని వివరంగా రాయించండి. "కాలుష్యం ఉంది, చర్య తీసుకోవాలి" అని ఒక్క వాక్యం రాస్తే ఫైలు కదలదు. షెడ్డు సర్వే నంబరు, పరీక్ష కాగితం, బోరింగు మూసిన తేదీ, ట్యాంకరు అవసరం, ఆరు సంయోజకత పరీక్ష, మట్టి పరీక్ష, అన్నీ విడివిడిగా అడగండి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం రాయగడలోనే ఉంది. అక్కడ ఒక ప్రతి, కలెక్టరుకు ఒక ప్రతి ఇచ్చి ముద్ర వేయించుకోండి.

2025 జూలైలో కేంద్రం కలుషిత ప్రదేశాల నిర్వహణ నియమాలను నోటిఫై చేసింది. అనుమానిత ప్రదేశాల గురించి జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదించాలి. మీ షెడ్డు ఆ జాబితాలోకి ఎక్కాలి. ఎక్కకముందే పంచాయతీ డబ్బుతో ఎవరితోనో పొడి పోయిస్తే, రేపు ఖర్చు యజమాని నుంచి రాబట్టే దారి కష్టమవుతుంది. ఆధారాలు కూడా చెదిరిపోతాయి.

వర్ధా ఒడ్డు | బల్లార్‌పూర్

మా రాజురా వాళ్లకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. పొడి కొనడం ఆపారు. ఫ్లోరైడ్ మీద వేరే చర్చ మొదలుపెడతాను, మాస్టారు అక్కడికీ రావాలి.

నాగావళి గట్టు | రాయగడ

పల్లీ సభ అయింది. వాదోపవాదాలు బాగానే జరిగాయి. "కళ్ల ముందు నీళ్లు తేటయ్యాయి కదా, ఇంకేం కావాలి" అని కొందరు గట్టిగా పట్టుబట్టారు. అప్పుడు కొంధు వీధి పెద్దాయన లేచి ఒకటే అడిగారు: "విషం మట్టిలో ఉంటే మందు నీళ్లలో ఎందుకు?" ఆ తర్వాత మాట మారింది.

తీర్మానం ఇది. బోరింగులో, బావిలో ఎవరూ ఏమీ పోయకూడదు. ట్యాంకరు నీళ్లు కొనసాగాలి, పైపుల కుళాయిలకు జలజీవన్ కింద మళ్లీ అర్జీ. షెడ్డు చుట్టూ కంచె, పైన రేకులు వేసి వాన నీరు లోపలికి దిగకుండా చేయడం. ఈ రేకుల సంగతి మా మేస్త్రీ చెప్పారు. వాన దిగకపోతే విషం కిందికి జారడం తగ్గుతుందని అందరికీ వెంటనే అర్థమైంది. పరీక్షలకు కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ.

బరంపురం గారూ, మీ మీద మాకు కోపం లేదు. షెడ్డు కింద వాడే రోజు వస్తే మీ సరుకు మా మట్టిలో పనిచేస్తుందని చూపించగలరా?

బరంపురం నీటి శుద్ధి | బరంపురం

చూపిస్తాను, రూపాయి తీసుకోను. సీసాలో కాదు, మీ మట్టితోనే. ఎలా చేస్తే మీరందరూ ఒప్పుకుంటారో చెప్పండి.

మహేంద్రతనయ | పర్లాకిమిడి

అలా ముందుకు వచ్చినందుకు సంతోషం. పారదర్శకమైన గొట్టం, మీటరు పొడవు చాలు. షెడ్డు గట్టులోని మట్టిని అందులో నింపి, గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి, ముందు పాత బావి నీళ్లు సన్నగా పారించాలి. అవతలి చివర పసుపు నీళ్లు వచ్చాక మీ ద్రవం పంపండి. నలుపు ఎంత దూరం వెళ్లి ఆగిందో బయటి నుంచే కనిపిస్తుంది. ఆ తర్వాత పసుపు నీళ్లు పారిస్తూనే రోజూ చివరి నీళ్లలో కిట్‌తో ఆరు సంయోజకత చూడాలి. పక్కనే ఇంకో గొట్టంలో మామూలు ఇనుప రజను కలిపిన మట్టి, మూడోదానిలో అన్నభేది. మూడూ ఒకేసారి మొదలవ్వాలి. నీటి వేగం నేలలో ఉన్నంత తక్కువగా ఉండాలి, పంపు పెట్టి తోస్తే ఫలితం చెల్లదు.

గుణుపూర్ మాస్టారు | గుణుపూర్

నాలుగో గొట్టంలో ఏమీ కలపని మట్టి. అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. గొట్టాలు పెట్టడానికి మా కళాశాల ప్రయోగశాలలో చోటు అడుగుతాను. మిగిలిన పసుపు నీళ్లు, వాడిన మట్టి కాలువలో పారబోయకుండా మూత ఉన్న పీపాలో ఉంచుదాం.

బోరు బండి | పార్వతీపురం

మట్టి చేతి ఆగరుతో (చేత్తో తిప్పి నేలలోకి దించే బరమాతో) తీద్దాం, నా దగ్గర ఉంది. వచ్చే వారం గుణుపూర్ వైపు పని ఉంది, దారిలో ఆగుతాను. షెడ్డు తాళం తహసీల్దారు దగ్గర ఉందంటున్నారు కదా, ముందే కాగితం తెచ్చి పెట్టండి అన్నా. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ అందరికీ ఉండాలి, పిల్లల్ని ఆ రోజు అటు రానివ్వకండి.